మింగిన తర్వాత తెలిసే రుచి

పని ఏమిటంటే

న్యూజెర్సీలో ఆహార పదార్థాలకు రుచులు తయారుచేసే ఒక కంపెనీలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. రుచి పరీక్షలు జరిపించడం నా పని. ఆ మాట చెప్పగానే చుట్టాలందరూ ఒకటే అనేవారు: "అయితే తిన్నందుకు నీకు జీతమిస్తారన్నమాట!" నిజానికి నేను తినేదాన్ని కాదు. తినేవాళ్ళు వేరే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వారానికి మూడు రోజులు వచ్చే పన్నెండుమంది మామూలు మనుషులు. రిటైరైన టీచర్లు, బస్సు నడిపినాయన, పిల్లలు పెద్దవాళ్ళై ఖాళీగా ఉన్న తల్లులు. వాళ్ళ ముందు చిన్న గిన్నెలు పెట్టడం, వాళ్ళన్నది అన్నట్టు రాసుకోవడం, నా ముఖంలో ఏమీ కనిపించనివ్వకపోవడం, ఇదీ నా పని.

మా తెలుగు చర్చికి ఫుడ్ సైన్స్‌లో ఎమ్మెస్ చేస్తున్న పిల్లలు ఇద్దరు వస్తారు. "ఆంటీ, ఈ జాబ్‌లో యాక్చువల్‌గా ఏం చేస్తారు?" అని మొన్నొక ఆదివారం అడిగారు. నిలబడి చెప్పేది కాదని, రాస్తానన్నాను. ఎప్పుడు పై మెట్టెక్కానో, ఎన్ని రిపోర్టులు రాశానో మీకు అనవసరం. మొక్కల నుంచి మాంసంలాంటిది చేయాలని మా కంపెనీ కొన్నేళ్ళు తంటాలు పడింది. ఆ కథ చెబుతాను. అందులో నేను చేసిన తప్పొకటి ఉంది. దాన్ని వదిలేసి మిగతాది చెబితే మీకు ఏమీ చెప్పనట్టే.

మాంసం ఎలా ఉంటుంది?

నన్ను ఈ పనిలో పెట్టింది లిండా. నాకంటే పదేళ్ళు పెద్దది, పొడుగ్గా, సన్నగా ఉండేది, నవ్వడం తక్కువ. మొదటి రోజు ఉప్పయినా వేయకుండా కాల్చిన మాంసం ముక్క నా ముందు పెట్టి, "ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది" అన్నాను.

"అది నీ సంగతి. నేనడిగింది మాంసం సంగతి."

బాపట్ల దగ్గర పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం ఆదివారం మాంసం తిన్నదాన్ని. అయినా నోట్లోంచి మాట రాలేదు. మాంసం మాంసంలా ఉంటుంది, ఇంకెలా ఉంటుంది? మీరూ ప్రయత్నించి చూడండి. పుల్లన, తియ్యన, కారం, వగరు, ఏ మాట వేసినా అతకదు.

ఆ మాటలు కూడబెట్టుకోవడానికే నాకు రెండేళ్ళు పట్టింది. ఇనుప గరిటె నాకినట్టుండే రుచి ఒకటుంటుంది, అది రక్తంలోని ఇనుముది. రొట్టె అంచు మాడినప్పటి వాసన ఉంటుంది, అది పెనం వేడికి పుట్టేది. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వేడి చేస్తే తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. ఇలా ఒక్కొక్కదానికీ పేరు పెట్టి, పన్నెండుమందికీ ఆ పేర్లు నేర్పాలి. ఒకరు ఇనుము అన్నది ఇంకొకరికీ ఇనుమే కావాలి. నాలుక చెప్పేది చాలా తక్కువనీ, మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ముక్కు చెబుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. జలుబు చేస్తే అన్నం మట్టిలా ఎందుకుంటుందో కూడా.

నాకు అన్నిటికన్నా వింతగా తోచిన సంగతి కొవ్వుది. కొవ్వంతా తీసేసి వండితే మేక మాంసానికీ, గొర్రె మాంసానికీ, పశు మాంసానికీ తేడా చెప్పడం చేయి తిరిగినవాళ్ళకు కూడా కష్టం. ఏ జంతువో చెప్పేది చాలావరకు కొవ్వే. ఈ సంగతి తెలిశాక మా అమ్మ కూర వండేటప్పుడు కొవ్వు ముక్కలు ఏరి ముందుగా మూకుట్లో ఎందుకు వేసేదో అర్థమైంది. ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

సాస్ తీసేస్తే

మొక్కల మాంసం ప్రాజెక్టు మొదలైనప్పుడు మా కంపెనీలో పెద్ద హడావిడి. బఠాణీల నుంచి తీసిన ప్రొటీన్, కొబ్బరినూనె, రంగుకు బీట్‌రూట్. వీటికి మాంసం వాసన అద్దే పని కెవిన్‌ది. కెవిన్ రుచులు కలిపే కెమిస్టు, నెమ్మదైన మనిషి, చేయి మంచిది. అతను చేసిన ముద్దను బర్గర్‌లో పెట్టి, మా ఆఫీసులోనే యాభైమందికి పెట్టాం. అది అసలు మాంసం కాదని సగంమంది పోల్చుకోలేకపోయారు. పైవాళ్ళు కేకు తెప్పించారు.

లిండా కేకు ముట్టలేదు. "రేపు ఇదే మళ్ళీ చెయ్యి. బన్ను వద్దు, సాస్ వద్దు, ఉల్లిపాయ వద్దు. ఎర్ర లైటు వెయ్యి" అంది నాతో. ఎర్ర లైటు ఎందుకంటే, ఆ వెలుగులో ముక్క రంగు తెలియదు. నోరొక్కటే సాక్ష్యం చెప్పాలి.

మర్నాడు దాదాపు అందరూ పట్టేశారు. పచ్చి చిక్కుడు గింజ వాసన అని కొందరు, అట్టముక్క అని కొందరు. మొదటి రోజు వాళ్ళు తిన్నది సాస్ అన్నమాట. పైవాళ్ళకు ఈ ఫలితం ఎలా చెప్పాలని నేను నీళ్ళు నములుతుంటే లిండా అంది: "అక్కడ కూర్చుని తిన్నవాళ్ళు ఏమన్నారో అదే చెప్పు. తిన్నవాడి మాటకు పైమాట లేదు."

నేను ఆ మాట మా పన్నెండుమందీ కూర్చుని రుచి చూసే ప్యానెల్ గదిలో గోడకు అతికించాను. గోడ మీద ఉండటం వేరు, బుర్రలో ఉండటం వేరు.

రత్నం అన్నయ్య

మా చర్చిలో రత్నం అన్నయ్య తెలియనివాళ్ళు లేరు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. మంచి గొంతు, అంతకన్నా మంచి చేయి. ఈస్టర్‌కి, క్రిస్మస్‌కి ఆరాధన అయ్యాక జరిగే భోజనంలో మేక మాంసం కూర ఆయనదే. ముందురోజే హలాల్ షాపుకి డ్రైవ్ చేసి, ముక్క ముక్కా చూసి కొట్టించుకునేవారు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఇక్కడికొచ్చిన కొత్తలో పార్సిప్పనీలో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉన్నాం, అంతే. ఆయన నాకు అన్నయ్య, ఆయన భార్య గ్రేస్ నాకు వదిన.

ఒక వేసవిలో ఇంటి వెనక పొదలు నరుకుతుంటే ఆయన మోకాలి వెనక టిక్ కుట్టింది. మన దగ్గర పశువులను పట్టే పిడుదులాంటి పురుగు. పీకి పారేసి మర్చిపోయారు. నెలా నెలన్నర తర్వాత, మాంసం తిన్న రోజల్లా నాలుగైదు గంటలకు ఒళ్ళంతా దద్దుర్లు, కడుపులో మెలిపెట్టే నొప్పి. రెండోసారి ఊపిరాడలేదు. అప్పుడు డాక్టరు కనిపెట్టాడు. ఈ జాతి పిడుదు కుడితే కొందరికి మేక, గొర్రె, పశువు, పంది, వీటి మాంసం ఒంటికి విషంలా అవుతుంది. కోడీ చేపా పరవాలేదు. అలర్జీ ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు.

"కోడి కూడా మాంసమేనా సుగుణా?" అనేవారు అన్నయ్య దిగులుగా. కూర వండటం మానేశారు. భోజనాల రోజున ఏదో ఒక పని పెట్టుకుని పార్కింగ్‌లో తిరుగుతుండేవారు. రెండేళ్ళు అలా గడిచాయి.

నేను మొక్కల మాంసం మీద పనిచేస్తున్నానని ఆయనకు తెలుసు. "ఎంతవరకొచ్చింది మీ బఠాణీ మేక?" అని కనిపించినప్పుడల్లా అడిగేవారు. అందులో వేళాకోళం సగమే.

417

ఆ ఏడాది వేసవికి కెవిన్ మూడు రకాలు చేశాడు. ఒక్కోదానికి మూడంకెల నంబరు. ఏ నంబరు ఏమిటో కెవిన్‌కీ లిండాకీ తప్ప ఎవరికీ తెలియదు, నాకు కూడా. తెలిస్తే నా ముఖంలో కనిపిస్తుందని అలా పెట్టారు. మా పన్నెండుమందీ నమిలి, ఉమ్మేసి, రాశారు. 417 మాంసానికి అన్నిటికన్నా దగ్గరగా ఉందని తేలింది. పచ్చి గింజ వాసన ఎవరూ రాయలేదు.

నాకు కాలు నిలవలేదు. శాంపిళ్ళు బిల్డింగ్ దాటకూడదని రూలు. ఆ రూలు కొత్తవాళ్ళకు చదివి వినిపించేది నేనే. శుక్రవారం సాయంత్రం మిగిలిన 417 ముద్దను ఐస్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ప్రాజెక్టు పేరే మొక్కల మాంసం, కనక మూడూ మొక్కలే అనుకున్నాను. అడగాలనే తోచలేదు. మా ప్యానెల్‌లో ఎవరు చేరినా మొదట అలర్జీల ఫారం నింపిస్తాను. సొంత అన్నయ్యలాంటి మనిషికి ఆ ఫారం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళిద్దరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. అల్లం వెల్లుల్లి, గసగసాలు, కొబ్బరి వేసి ఖైమా కూర చేశాను. అన్నయ్య ముందు వాసన చూశారు. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు, మింగారు. చేయి కంచంలో ఆగిపోయింది.

"ఇది మాంసమేనమ్మా."

నేను పకపకా నవ్వాను. "కాదన్నయ్యా, బఠాణీ. నేను చెప్తున్నాగా!"

"మేక కాదు. గొర్రె కూడా కాదు. పెద్దమాంసంలాగుంది." ఆయన నవ్వడం లేదు. "నవిలేటప్పుడు తెలీలేదు. మింగినాక ఊపిరి వదిలితే ముక్కులోకి వచ్చింది."

గ్రేస్ వదిన నా వంక చూసింది. "సుగుణా, ష్యూరేనా?"

"వదినా, అది నా ప్రాజెక్టు. హండ్రెడ్ పర్సెంట్ ప్లాంట్."

"నువ్వు చెప్తున్నావ్ గనక తింటున్నా" అని అన్నయ్య ఇంకో ముద్ద కలిపారు. తర్వాత మారు వడ్డించుకున్నారు. రెండేళ్ళ తర్వాత ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి నాకు కళ్ళు చెమర్చాయి. వంటింట్లోకి వెళ్ళి ఆయనన్న మాటలు నోటుపుస్తకంలో రాసుకున్నాను. పక్కన 'విజయం' అని రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

సాయంత్రం ఆరింటికి, ఇంకా బాగా ఎండ ఉండగానే, వదిన ఫోన్ చేసింది. "ఏం పెట్టావు సుగుణా? ఏం పెట్టావు ఆయనకి?" వెనక అంబులెన్స్ వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. అలర్జీకని ఇంట్లో ఉంచుకున్న ఇంజెక్షన్ తొడకు పొడిచిందట. అయినా పెదవులు ఉబ్బిపోయాయట.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆయన ముఖానికి ఆక్సిజన్ ఉంది. ఏం తిన్నారని డాక్టరమ్మ అడుగుతోంది. నేను "ప్లాంట్ బేస్డ్" అంటున్నాను. అన్నయ్య మాస్కు కింద నుంచి తల అడ్డంగా ఊపి "మీట్" అన్నారు.

బయటికొచ్చి కెవిన్‌కి ఫోన్ చేశాను. ఆదివారం సాయంత్రం, వెనక పిల్లల అల్లరి.

"417లో ఏముంది కెవిన్?"

"ఎందుకు?"

"ఏముందో చెప్పు."

"అది పోల్చడానికి చేసింది. ప్రొటీన్ బఠాణీదే. కొబ్బరినూనె బదులు పశువు కొవ్వు కరిగించి వేశాను. కొవ్వొక్కటి అసలుదైతే జనం నమ్ముతారా అని లిండా చూడమంది."

నేను లోపలికి పరుగెత్తి డాక్టరమ్మకు ఆ మాట చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వెంటనే మందులు మార్చి, రాత్రికి అక్కడే ఉంచుకుంటామంది. మర్నాడు పదింటికల్లా ఆయన లేచి కూర్చున్నారు.

వరండాలో గ్రేస్ వదిన ఒక్కతే కూర్చుని ఉంది. క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "మీకది శాంపిల్ సుగుణా. నాకు మొగుడు. నేను ష్యూరేనా అని అడిగాను కదా."

అడిగింది. ఇద్దరూ అడిగారు. తిన్నవాడి మాటకు పైమాట లేదని గోడకు అతికించుకున్నదాన్ని, ఎదురుగా కూర్చుని తిన్నవాడు ఇది మాంసమని మూడు రకాలుగా చెప్పినా, నాకు పైమాటగా ఒక ప్రాజెక్టు పేరు దొరికింది.

సోమవారం

మధ్యాహ్నం లిండా గదిలోకి వెళ్ళి నిలబడే అంతా చెప్పాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆవిడ ముందు అడిగింది ఒక్కటే: "ఆయన ఎలా ఉన్నాడు?" ఇంటికి పంపేశారని చెప్పాను. "సరే. ఇక మూడు నెలలు నువ్వు ప్యానెల్ గదిలో అడుగు పెట్టవు. నీ ఫైల్లో ఇది రాస్తాను. నిన్ను తీసేయమని ఎవరైనా అంటే అప్పుడు చూద్దాం."

తలుపు దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది. "తిన్నప్పుడు ఆయన సరిగ్గా ఏమన్నాడు? నీ మాటల్లో వద్దు, ఆయన మాటల్లో."

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చావు దాకా వెళ్ళొస్తే ఇదా అడగడం? కానీ నోటుపుస్తకం తీసి చదివాను. నమిలేటప్పుడు తెలియలేదు, మింగాక ఊపిరి వదిలితే వచ్చింది. లిండా అది ఇంకోసారి చదవమంది. తర్వాత మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మావాళ్ళు ఉమ్మేస్తారు. రోజూ పదిహేను ముక్కలు రుచి చూసేవాళ్ళు మింగితే కడుపు నిండిపోతుందని మేమే అలా పెట్టాం. అన్నయ్య చెప్పిన వాసన మింగాక వస్తుంది. అంటే ఇన్నేళ్ళుగా కథలో చివరి పేజీ చింపేసి, కథ ఎలా ఉందని వాళ్ళను అడుగుతున్నాం.

మూడు నెలలు పోయాక నేను తిరిగి వచ్చి పరీక్ష మార్చాను. తక్కువ ముక్కలు, మింగాలి, ఒక నిమిషం ఊరుకోవాలి, ఆ తర్వాతే రాయాలి. అప్పుడు బయటపడింది. కొబ్బరినూనె నోట్లో ఒక్కసారిగా కరిగిపోతుంది, వెంటనే వెళ్ళిపోతుంది. పశువు కొవ్వు నెమ్మదిగా కరుగుతుంది, నోటికి పూతలా అంటుకుని కాసేపు కూర్చుంటుంది, మింగిన తర్వాత కూడా లోపల్నుంచి ముక్కుకు కబురు పంపుతూనే ఉంటుంది. మొక్కల మాంసం మొదట నమిలేటప్పుడు బాగానే ఉంటుంది. నిమిషం గడిచేసరికి నోట్లో ఎవరూ ఉండరు. రెండు మూడు రకాల నూనెలు కలిపి, మైనంలా గట్టిపరిచి కెవిన్ చాలా దూరం లాక్కొచ్చాడు. ఆ నిమిషం మాత్రం ఇప్పటికీ పూర్తిగా మా చేతికి రాలేదు.

ఇది మంచి ఫలితమే. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చి సంపాదించిన ఫలితం. రిపోర్టులో ఆ ముక్క ఉండదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నంబర్లు నోటి నుంచి దాచడానికి, చేతి నుంచి కాదు. ఇంకొకరి నోటికి ఏదైనా అందించేవాడికి అందులో ఏముందో తెలిసి తీరాలి. ఆ ఏడాది నుంచి మా దగ్గర ప్రతి గిన్నె వెనకా అందులో ఉన్నవన్నీ రాసిన కాగితం ఒకటి సీలు వేసి గదిలోనే పెడుతున్నారు. అవసరమైతే ఎవరైనా చింపి చూడొచ్చు. దానికి నేనే పట్టుబట్టాను. అంతకన్నా చెప్పుకోదగ్గ పని ఈ ఉద్యోగంలో నేను చేశానని అనుకోను.

ఆ తర్వాత

అన్నయ్య నెల తిరక్కుండానే మాట్లాడారు. మాట్లాడటమేమిటి, ఫోన్ చేసి గంటసేపు ప్రశ్నలు. కొవ్వులో ఏముంటుంది? మేక కొవ్వుకూ దీనికీ వాసన ఎందుకు మారుతుంది? మరి పాలలో అదే కొవ్వు ఉంటే నాకెందుకు ఏమీ కావట్లేదు? కొన్నిటికి జవాబు చెప్పాను, కొన్ని నాకూ తెలియవు. "చూశావా, నా ముక్కు నీ ల్యాబ్ కన్నా షార్పు" అని చాలామందికి చెప్పుకున్నారు.

గ్రేస్ వదిన వేరు. చర్చిలో ఎదురుపడితే "ప్రైజ్ ద లార్డ్" అనేది, అంతే. నా ఇంట్లో మళ్ళీ ముద్ద ముట్టలేదు. నేను చర్చి భోజనాలకు ఏదైనా చేసి తెస్తే ఆయన కంచంలో పడకుండా చూసేది. నేనూ ఏమీ అనలేదు. ఆవిడ చేస్తున్నది సరైన పని.

నేను రిటైరైన ఏడాది ఈస్టర్ భోజనాల్లో అన్నయ్య మళ్ళీ కూర వండారు. షాపులో దొరికే మొక్కల ఖైమా, గోంగూర. చాలా ఏళ్ళ తర్వాత పెద్ద గిన్నె పట్టుకుని హాల్లోకి వస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. నేను కంచం పట్టుకుని వరసలో నిలబడ్డాను. గిన్నె వెనక వదిన ఉంది. నా వంతు వచ్చేసరికి, నేను అడక్కముందే హ్యాండ్‌బ్యాగ్ తీసి, నాలుగు మడతలు పెట్టిన ఖైమా ప్యాకెట్ అట్ట, అందులో ఏమేం ఉన్నాయో రాసి ఉన్నది, నా చేతికిచ్చింది. వెనక మనుషులు ఆగి ఉండగానే నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆవిడ తొందరపెట్టలేదు.

"ఓకేనా?" అంది.

"ఓకే వదినా."

అప్పుడు వడ్డించింది. ఒక మూల కూర్చుని తిన్నాను. మింగి, అలవాటు కొద్దీ నిమిషం ఆగాను. అన్నయ్య ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నిజం చెప్పు. మాంసానికి ఎంత దగ్గరకొచ్చింది?"

"దగ్గరకు రాలేదన్నయ్యా."

"నేనూ అదే అనుకున్నా." ఆయన నా కంచంలోకి చూశారు. కంచం ఖాళీగా ఉంది. "మరి?"

నా ఉద్యోగ జీవితమంతా కాగితం మీద అచ్చువేయించిన ప్రశ్న 'మాంసానికి ఎంత దగ్గరగా ఉంది?' అన్నదే. ఆయన అడిగిన రెండో ప్రశ్న ఏ కాగితం మీదా లేదు. కంచం పట్టుకుని లేచి గిన్నె వైపు నడిచాను. గ్రేస్ వదిన దూరం నుంచే నన్ను చూసి, గిన్నె మీద మూత తీసింది.